రెండు పేజీల నవ్వు వెనక

బుడుగు ఎవరినీ నవ్వించాలనుకోడు. వాడికి అంత తీరిక లేదు. ప్రైవేటు మాస్టార్ల సంగతి తేల్చాలి, బాబాయి వ్యవహారాలు చక్కబెట్టాలి, పెద్దవాళ్ళకి తెలియని విషయాలు ఓపిగ్గా వివరించాలి. లోకం తన మాట వినాల్సింది, ఎందుకో వినడం లేదన్నదే వాడి బాధ. ఆ బాధలో రవ్వంత నటన ఉండదు. మనకి నవ్వొచ్చేది అక్కడే. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ వాడి చేత మాట్లాడించినప్పుడు, బాపు వాడికి ముక్కూ మొహం ఇచ్చినప్పుడు, ఇద్దరివీ పాతికేళ్ళకి అటూ ఇటూ వయసులు. ఆ వయసులో చిన్న పిల్లాడి గొంతు అంత స్వచ్ఛంగా పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చిన్న హాస్యరచనలో అసలు విద్య ఇదేనని నా నమ్మకం. మాట్లాడే మనిషికి తన మాటలో నవ్వుందని తెలియకూడదు. రచయిత పక్కన నిలబడి మనవైపు చూసి కన్ను గీటకూడదు. పెద్ద నవల అయితే సంఘటన మీద సంఘటన పేర్చి నవ్వించవచ్చు. మొక్కపాటివారి పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా వెళ్ళాడు కాబట్టి దారంతా చోటు దొరికింది. రెండు మూడు పేజీల రచనకి ఆ వసతి లేదు. మొదటి వాక్యంలోనే మనిషి వినపడాలి. వాక్యం పూర్తయ్యేసరికి ఆ మనిషి వయసు, ఊరు, మొండితనం, భయం మనకి తెలిసిపోవాలి. కథ అంటూ పెద్దగా ఏమీ జరగక్కర్లేదు.

భానుమతి అత్తగారి కథలు చూడండి. నటన, పాట, దర్శకత్వం, స్టూడియో, ఇన్ని బరువులు మోసిన మనిషి ఇంట్లో జరిగే అతి చిన్న సంగతుల్ని తీసుకుని రాశారు. మడి, ఆవకాయ జాడీ, పనివాళ్ళు, వచ్చేపోయే చుట్టాలు. అత్తగారికి తన లోకం మీద తిరుగులేని నమ్మకం. కోడలికి అత్తగారంటే గౌరవం. ఆ కోడలు ఎక్కడా గొంతు పెంచదు, ఎక్కడా వెక్కిరించదు. మా అత్తగారు ఇలా అన్నారు, ఇలా చేశారు అని మర్యాదగా చెప్పుకుపోతుంది. ఆ మర్యాద ఒక్కచోట సడలినా కథ గయ్యాళి అత్త మీద చాడీ అయిపోయేది. తెలుగు సినిమా, నాటకం అత్తగారిని రాక్షసిని చేసి లాభం పొందుతున్న కాలంలో, ఒక అత్తగారిని ఇంటిల్లిపాదీ ప్రేమించేలా రాయడం చిన్న సాహసం కాదు. ఆవిడ సినిమాల గురించి మాట్లాడినంతగా ఈ పుస్తకం గురించి మాట్లాడుకోం. నాకది లోటుగానే తోస్తుంది.

భార్యాభర్తల మీద రాసిన హాస్యం త్వరగా పాతబడుతుంది. వెనకటి పత్రికల్లో ఆ బాపతు ముక్కలు కొల్లలు. అప్పడాల కర్ర, నగల పిచ్చి, పుట్టింటి గొడవ. ఇప్పుడు చదివితే పెదవి కదలదు. మరి మునిమాణిక్యం నరసింహారావు కాంతం ఎందుకు నిలబడింది? ఆ కథలు చెప్పేది భర్తే, బడిపంతులు, చాలీచాలని జీతం. అయినా తెలివి కాంతంది. మాటకి మాట వేసి గెలిచేది ఆమె. తను ఓడిపోయిన సంగతి భర్త మురిపెంగా చెప్పుకుంటాడు. భార్యని తక్కువ చేసి నవ్వించేవాడికీ, భార్య తెలివి చూసి మురిసిపోయి నవ్వించేవాడికీ మధ్య ఉన్న దూరం ఎంతో కాంతం కథలు చదివితే తెలుస్తుంది.

అంతకు ముందు తరంలో పానుగంటి లక్ష్మీనరసింహారావు సాక్షి వ్యాసాలున్నాయి. ఇంగ్లండులో ఆడిసన్, స్టీలు నడిపిన స్పెక్టేటర్ పద్ధతి పట్టుకుని, జంఘాలశాస్త్రిని వేదిక ఎక్కించి సంఘాన్ని ఉతికి ఆరేశారు. మహా ధాటి గల వచనం. కానీ అది సభలో ఉపన్యాసం. నేను చెబుతున్నది వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పే మాట.

ఆ మాటని వారం వారం చెప్పడం ఎంత కష్టమో పత్రికల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆంధ్రజ్యోతి వారపత్రిక నడుపుతూనే పురాణం సీత పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాశారు. ఎదురుగా ప్రూఫులు, సీరియళ్ళు, రచయితల ఉత్తరాలు. ఆ రద్దీలో కూర్చుని ఒక గృహిణి గొంతులోకి దిగి, ధరల నుంచి రాజకీయాల దాకా, ఆవిడకి తోచినట్టే మాట్లాడాలి. వచ్చేవారం మళ్ళీ అదే గొంతు, అదే తాజాదనం. కవికి కవిత రాకపోతే ఊరుకోవచ్చు. కాలమ్ రాసేవాడి పేజీ ఖాళీగా వెళ్ళదు. తలనొప్పిగా ఉన్నా, ఇంట్లో ఎవరికో బాగాలేకపోయినా, గురువారానికి నవ్వు అందాల్సిందే.

ఇలాంటివి చదివేటప్పుడు నేను పైకి చదువుతాను. కంటితో చదివితే సగం జారిపోతుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది కాబట్టి దెబ్బ కూడా చివరే తగలాలి. నవ్వు తెప్పించే మాట ముందే దొర్లిపోతే, మిగిలిన వాక్యం చప్పబడిపోతుంది. మంచి రచయితలు ఆ మాటని ఎంతసేపు ఆపి ఉంచారో చెవికే తెలుస్తుంది. ఇంకొకటి, ఎక్కడ ఆపేశారన్నది. నవ్వొచ్చాక మరో వాక్యం రాయాలన్న ఆశ ప్రతి రచయితకీ ఉంటుంది. రాయకుండా కలం మూసేసినవాళ్ళే మనకి గుర్తున్నారు.

చెవి మాట వచ్చింది కాబట్టి పేరడీ సంగతి కూడా చెప్పాలి. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి, మనందరికీ జరుక్‌శాస్త్రి, శ్రీశ్రీకి పేరడీ రాశారంటే శ్రీశ్రీ లయ ఆయన నరాల్లో ఉండబట్టే. నచ్చని కవికి పేరడీ రాయడం కుదరదు. రాస్తే అది తిట్టవుతుంది. ఆ దారిలో తర్వాత వచ్చిన శ్రీరమణ మన రచయితల నడకలన్నీ పట్టుకున్నారు. ఆ తర్వాత మిథునం రాశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే ముసలి దంపతుల కథ. బాపు ఆ కథంతా స్వయంగా తన చేతి రాతతో రాసి ఇష్టులకి పంచారు. 2012లో తనికెళ్ళ భరణి సినిమా తీశారు. అప్పుడు చాలామంది శ్రీరమణలో గొప్ప కథకుడున్నాడని కొత్తగా కనిపెట్టారు. నా మటుకు నాకు అందులో కొత్తేమీ లేదు. బుచ్చిలక్ష్మి సణుగుడులో ప్రతి మాటా సరైన చోట పడిందంటే, ఏళ్ళ తరబడి పేరడీలు రాసి రాసి పదును తేలిన చెవి ఆయనది. చిల్లర రాతలన్నవే ఆయన సాధన.

హాయిగా నవ్వించే రచన హాయిగా పుట్టిందనుకోవడం మనకున్న మరో అలవాటు. ముళ్ళపూడి ఋణానందలహరిలో అప్పుల అప్పారావు చేబదులుని ఒక కళ స్థాయికి తీసుకువెళతాడు. ఆ రచయిత చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, తల్లితో మద్రాసు చేరి, లేమి అంటే ఏమిటో చూసినవాడని ఆయన ఆత్మకథ కోతికొమ్మచ్చి చదివినవాళ్ళకి తెలుసు. అక్కడ కూడా ఆయన జాలి అడగరు. చిత్తూరు జిల్లా పల్లె మాటలో నామిని రాసిన పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కథలు కూడా అంతే. తిండికి కటకటలాడే ఇల్లు, అప్పులు, కోపాలు. ఆ ఇంట్లో అమ్మ నోరు విప్పితే కళ్ళలో నీళ్ళు, పెదవి మీద నవ్వు ఒకేసారి వస్తాయి. ఏది ముందో విడదీయలేను.

సోమరాజు సుశీల రసాయన శాస్త్రంలో పరిశోధన చేసినావిడ. చాలా ఆలస్యంగా కలం పట్టి, నాన్నగారి బదిలీలతో ఊరూరా తిరిగిన ఒక ఆడపిల్ల అల్లరిని ఇల్లేరమ్మ కథలుగా రాశారు. మనకి అల్లరి మగపిల్లలు చాలామంది ఉన్నారు, వెనకటి నవలలోని గణపతి నుంచి బుడుగు దాకా. చెట్లెక్కి, చెల్లెళ్ళ మీద పెత్తనం చేసి, పెద్దవాళ్ళ లెక్కలు తేల్చే ఆడపిల్ల వాళ్ళ సరసన అంత దర్జాగా కూర్చోవడానికి అన్నేళ్ళు పట్టింది. పొత్తూరి విజయలక్ష్మి కథల్లో మధ్యతరగతి ఇళ్ళ సందడి కూడా ఇలాగే చదివినకొద్దీ దగ్గరవుతుంది.

ఈ మధ్య ఇలాంటి రచనల్లోంచి ముక్కలు ఫోన్లలో తిరుగుతున్నాయి. రచయిత పేరు మాత్రం మొదటి మజిలీలోనే ఊడిపోతోంది. ఎవరు రాశారో గానీ భలే ఉంది అని కింద ఒక మాట. ఒక జీవితకాలం ఆ వాక్యం కోసం కూర్చున్న మనిషికి ఇది అన్యాయం. నాకు తెలిసినవి వచ్చినప్పుడు రచయిత పేరు, పుస్తకం పేరు చేర్చి, పంపినవాళ్ళకే తిరిగి పంపుతాను. కొందరు ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. హైదరాబాదులో డిసెంబరులోనూ, విజయవాడలో జనవరి మొదట్లోనూ పుస్తకాల పండగలు జరుగుతుంటాయి, అక్కడ వెతకమని చెబుతాను. దేనితో మొదలుపెట్టాలంటే, ఇంట్లో పిల్లలుంటే ఇల్లేరమ్మ, లేకపోతే కాంతం.