పదునేడవ సంపుటపు కడపటి పుట

మా చిన్ననాట ఊరి బస్టాండు ప్రక్కన నుండిన అద్దెపుస్తకముల కొట్టులో, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలును, తరువాతి కాలమున మధుబాబుగారి షాడో నవలలును, అట్టలు చినిగి, దారముతో మరల కుట్టబడి, అంచులు చేతి చెమటకు నల్లబడి, ఇంటినుండి ఇంటికి ప్రయాణము చేయుచుండెడివి. వానిలో నాకు మిక్కిలి ప్రియమైనది కథ ముగిసిన పిదప మిగులు ఖాళీ పుట. ఏలయన, నాకు ముందు ఆ పుస్తకమును చదివిన వారెవరో, తమ పేరు చెప్పక, పెన్సిలుతో తమ అభిప్రాయమును అచ్చట వ్రాసి పోవుచుండిరి. "చివర తొందరపడ్డాడు" అని ఒకరు వ్రాయగా, దాని క్రిందనే వేరొక దస్తూరిలో "తొందరేం లేదు, మళ్ళీ చదువు" అని మరియొకరు వ్రాసియుండెడివారు. విమర్శ యను మాట నా చెవిని పడుటకు ముందే అది యెట్టిదో ఆ పెన్సిలు వ్రాతలు నాకు నేర్పినవి. పుస్తకములను సొంతముగా కొనుక్కొనగలిగిన నాటినుండియు, చదివిన ప్రతి నవల కడపటి పుటపై తేదీ వేసి నా మాట వ్రాసికొనుట నాకొక వ్రతమైనది.

ఆ వ్రాతలలో ఒకదానిని ఈ జనవరి మాసమున నేను సవరింపవలసి వచ్చినది. అది అమెరికా రచయిత జిమ్ బుచర్ వ్రాయుచున్న 'డ్రెస్డెన్ ఫైల్స్' అను నవలామాలలోని పదునేడవ సంపుటము, 'బాటిల్ గ్రౌండ్' చివర, 2020వ సంవత్సరమున నేను వ్రాసినది.

ఈ మాల సంగతి తెలియని పాఠకులకై కొంత చెప్పవలెను. మాయలును మాంత్రికులును రాక్షసులును అడవులలోను పురాతన దుర్గములలోను గాక, మనమెరిగిన నేటి నగరములో, ట్రాఫిక్ దీపముల నడుమ, పోలీసు ఠాణాల ప్రక్కన సంచరించు కథలను అర్బన్ ఫాంటసీ యందురు. ఈ మాలలోని నగరము షికాగో. నాయకుడు హ్యారీ డ్రెస్డెన్, టెలిఫోను డైరెక్టరీలో మాంత్రికుడని పేరు నమోదు చేయించుకొని, అద్దె కట్టుటకు డబ్బులేక, పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో తిరుగుచు, అపరాధ పరిశోధన వలన పొట్ట పోసికొనువాడు. ఓక్లహామా విశ్వవిద్యాలయమున తనకు రచన నేర్పుచుండిన డెబోరా చెస్టర్ అను నవలాకారిణి చెప్పు సూత్రములు పనికిరావని రుజువు చేయుటకై, బుచర్ పట్టుదలతో వానిని పొల్లుపోకుండ అనుసరించి యొక నవల వ్రాయగా, అదియే ప్రథమ సంపుటమైన 'స్టార్మ్ ఫ్రంట్' అయి 2000వ సంవత్సరమున అచ్చుపడినది. గురువు చెప్పినదే నిజమైనదని అతడే పలుమార్లు ఒప్పుకొనెను. ఈ మాలలోని పేర్లన్నియు రెండేసి మాటలు, ఆంగ్ల లిపిలో ఆ రెండు మాటలకును సమసంఖ్యలో అక్షరములు. దీనికి తప్పినది 2010లో వచ్చిన పండ్రెండవ సంపుటము, 'చేంజెస్' అను ఒంటి మాట. ఆ పుస్తకములో నాయకుని ఆఫీసు, ఇల్లు, కారు, ప్రేమించిన స్త్రీ, సర్వమును నశించినవి.

పాఠకుల అభిప్రాయములకు మూలమిచ్చటనే కలదు. కథామాలలు రెండు విధములు. చందమామలో దశాబ్దముల తరబడి నెలనెలా చెట్టెక్కి శవమును దించి భుజముపై వేసికొని నడచిన విక్రమార్కునకు ఏనాడును భుజము నొప్పి పుట్టలేదు, వయస్సు మీరలేదు. వచ్చు నెల మరల అదే చెట్టు, అదే శ్మశానము, అదే మౌనభంగము. అట్టి మాలలో ఏ కథనుండి చదువ మొదలిడినను దోషము లేదు. డ్రెస్డెన్ కథ యట్టిది కాదు. ఆరవ సంపుటములో కాలిన ఎడమచేయి తరువాతి సంపుటములలోను కాలిన చేయిగానే యుండి, మెల్లమెల్లగా మానుచుండును. ఒకనాడు చేసిన వాగ్దానమునకు ఐదేండ్ల పిమ్మట మూల్యము చెల్లింపవలసి వచ్చును. కాబట్టి ఇట్టి మాలలో పదునేడవ పుస్తకమును గూర్చి మాటలాడు పాఠకుడు ఒక్క పుస్తకమును గూర్చి మాటలాడుట లేదు. తన జీవితములోని ఇరువది సంవత్సరములను ప్రక్కన పెట్టుకొని మాటలాడుచున్నాడు.

ఈ సంపుటము పుట్టిన తీరును ఆ మాటలకు మరింత వేడి నిచ్చినది. పదునైదవదైన 'స్కిన్ గేమ్' 2014లో వెలువడిన పిదప ఆరేండ్లపాటు కొత్త నవల రాలేదు. వ్రాయబూనిన 'పీస్ టాక్స్' మిక్కిలి పెరిగిపోగా దానిని రెండుగా విడదీసి, మొదటి భాగమును అదే పేరుతో 2020 జూలైలోను, రెండవ దానిని 'బాటిల్ గ్రౌండ్' అను పేర సెప్టెంబరులోను ప్రకటించిరి. ఆరేండ్లు ఆకలితో నుండినవాని ముందు విస్తరి వేసి, పప్పును అన్నమును వడ్డించి, తక్కినవి మరి రెండు మాసములకు పంపుదుమన్నట్లయినది. 'పీస్ టాక్స్'లో నాయకుని అన్న థామస్ ఏల హత్యాయత్నమునకు పాల్పడెనో చివరి పుట వరకును తేలదు. ఆ చిక్కు 'బాటిల్ గ్రౌండ్' ముగియుచుండగా గాని విడదు. మొదటి దానికి తుది లేదనియు, రెండవ దానికి మొదలు లేదనియు పాఠకులు పలికిన పలుకు అక్షరాల సత్యము. ఈ విషయమున నా 2020 నాటి మాటలో ఒక్క అక్షరమును మార్చను.

ఇక ఆ పుస్తకములోని యుద్ధము. దేవతలనాటి టైటన్ జాతిలో కడపటిదైన ఎథ్నియు ఒక రాత్రి షికాగో నగరముపై దండెత్తగా, ఆ యొక్క రాత్రి కథయే దాదాపు నవల యంతయు నాక్రమించినది. మిలీనియం పార్కులో అనీష్ కపూర్ నిర్మించిన, గింజవలె నుండు అద్దపు ఉక్కు శిల్పము చెంతను, మిచిగన్ సరస్సు తీరమునను, పాఠకులు ఫోటోలలో చూచినట్టియు, కొందరు స్వయముగా నడచినట్టియు చోటులలో భవనములు కూలినవి, జనులు వేలకొలది చచ్చిరి. కొందరు దీనిని ఎడతెరపి లేని పోరు, ఊపిరి సలుపనీయలేదని విసిగికొనిరి. కొందరు ఇరువదేండ్లుగా దాచిన మందుగుండంతయు ఒక్కమారు ప్రేలినదని మురిసిరి. నా మేనకోడలు షికాగో శివారున కాపురమున్నది. మహమ్మారి వలన నగరమధ్యపు వీధులు నిజముగానే నిర్మానుష్యములై యున్న ఆ శరదృతువున ఆమె యీ పుస్తకమును చదివి నాకు టెలిఫోను చేసి, "మామయ్యా, పొద్దున ఆ వీధిలోంచే వచ్చాను, ఇప్పుడు అదే వీధి పుస్తకంలో కాలిపోతుంటే చదవలేకపోయాను," అనినది. అరణ్యములో జరుగు మాయాకథకు ఇట్టి శక్తి లేదు. నగరమును కథకు తెచ్చిన రచయితకు ఆ నగరవాసుల గుండె అదనముగా లభించుచున్నది.

కాని ఆమె టెలిఫోను చేసినది వీధిని గూర్చి కాదు, మర్ఫీని గూర్చి.

కారిన్ మర్ఫీ ప్రథమ సంపుటమునుండియు కలదు. షికాగో పోలీసు శాఖలో, ఎవరును నమ్మని, ఎవరును కోరని కేసులను చూచు చిన్న విభాగమునకు అధికారిణి. పొట్టి మనిషి, గట్టి మనస్సు. మాయాశక్తి లవలేశమును లేక, తన కన్నులను తాను నమ్ముకొని రాక్షసుల నెదిరించినది. ఆమెకును నాయకునకును నడుమ అనురాగము పదునైదు సంపుటములు మొగ్గగానే యుండి, తుదకు విచ్చినంతనే, ఈ సంపుటములో, ఒక మహాకాయుని కూల్చిన మరుక్షణమున, రూడాల్ఫ్ అను భీరువైన పోలీసువాని తుపాకి పొరపాటున ప్రేలి ఆమె మరణించినది. "రాక్షసుడి చేతిలో పోయినా బాగుండేది, మామయ్యా. వాడి చేతిలోనా?" అని మేనకోడలు కంఠము రుద్ధమై యడిగినది. నేనును ఆ రాత్రి కడపటి పుటపై, "అన్యాయము, ఈ మరణము కథలోనుండి పుట్టలేదు, రచయిత అవసరమునుండి పుట్టినది," అని వ్రాసితిని. లోకమున పెక్కుమంది పాఠకులు ఇంచుమించు అదే మాట నాడిరి.

ఇచ్చట నేనొక విషయమును విన్నవించుకొనవలెను. నవలామాలలో తొలి రెండు మూడు పుస్తకములు నచ్చనివారు అచ్చటనే విడిచిపోవుదురు; ఈ మాలను ప్రేమించువారు సైతము కొత్తవారితో, "మొదటి రెండూ ఓపిక పట్టు" అనియే చెప్పుదురు. పదునేడవ దాని వరకు నడచి వచ్చినవారందరును బంధువులే, అపరిచితుడు లేడు. పెండ్లిలో బంధువులు చూపు ప్రేమయు, చేయు అలుకయు రెండును మిక్కుటములైనట్లే, ఇట్టి సంపుటమునకు వచ్చు మెప్పును తిట్టును రెండును అతిశయించియుండును. దానిని బట్టి ఆ మాటలు విలువలేనివని తలపరాదు. బంధువునకు తెలిసిన లోటు బయటివానికి తెలియదు. స్త్రీ ఎదుట పడినంతనే ఆమె అవయవములను వర్ణించుట నాయకునకు తొలినాటినుండి గల యలవాటు. పాత డిటెక్టివ్ కథల ధోరణియని మొదట సరిపెట్టుకొన్నవారు, యుద్ధభూమిలో సైతము, పదునేడవ పుస్తకములో సైతము ఆ చూపు మారకుండుట చూచి విసిగిరి. పాఠకుడు ఎదిగినాడు, లోకము మారినది, నాయకుడు తండ్రియైనాడు. ఆ యొక్క వాక్యము మాత్రము ఎదుగలేదు. ఈ ఫిర్యాదును నేను మనస్ఫూర్తిగా బలపరచుచున్నాను.

మర్ఫీ మరణమును గూర్చిన ఫిర్యాదు వేరు జాతికి చెందినది. అందు సగము దుఃఖము, సగము తీర్పు. రెండును కలిసిపోయి, చెప్పువానికే ఏది యేదియో తెలియదు. 1893లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతములో పడద్రోసినప్పుడు పాఠకులు చేసిన గోల జగద్విదితము. పది సంవత్సరముల పిమ్మట అతడు హోమ్స్‌ను బ్రతికించి తేక తప్పలేదు. బుచర్ ఆ ద్వారమును తానే మూసివేసినాడు. మర్ఫీ వీరస్వర్గమున చేరిన యోధులలో ఒకతె యైనదనియు, ఆమెను గూర్చిన జ్ఞాపకము భూమిపై మాయునంతవరకు ఆమె తిరిగి రాజాలదనియు కథలో చెప్పించినాడు. ఆమెను తలచికొని యేడ్చు పాఠకుడే ఆమె రాకకు అడ్డుగా నిలుచుచున్నాడు! ఈ యేర్పాటులోని కరుణ నాకు 2020లో కనబడలేదు. కనబడుటకు నా కన్నులు పొడిగా లేవు.

ఈ సంవత్సరము జనవరిలో పదునెనిమిదవ సంపుటము 'ట్వెల్వ్ మంత్స్' వెలువడునని తెలిసి, దానికి సిద్ధపడుటకై పదునారును పదునేడును ఎడము లేకుండ, ఒకే పుస్తకమువలె మరల చదివితిని. అప్పుడొక సంగతి స్పష్టమైనది. ఈ మాల యంతటికిని మూలమైన భావమొకటి కలదు: సామాన్య జనులు కంటి యెదుట వింత జరిగినను చూడ నిరాకరించి, మరునాడు దానికొక మామూలు కారణము కల్పించుకొందురు. రూడాల్ఫ్ ఆ నిరాకరణకు రూపము. పూర్వ సంపుటములనుండియు చూచినదానిని చూడలేదని బొంకుచు, చూచినవారిని ద్వేషించుచు వచ్చినవాడు. మర్ఫీ చూచుటకు సాహసించినది. అందులకై ఉద్యోగమును, శరీరస్వాస్థ్యమును, సర్వమును వెచ్చించినది. చూడగలిగిన దానిని చూడనొల్లనివాడు చంపినాడు. ఈ మాలలో ఆమెకు ఇంతకంటె తగిన హంతకుడు లేడు. రాక్షసుడు చంపియుండిన అది యుద్ధవార్త మాత్రమే యగును.

అయినను రచయితను నేను పూర్తిగా విడిచిపెట్టజాలను. ఆమె నేల కొరిగిన వెంటనే నాయకుడు క్రోధాంధుడై రూడాల్ఫ్‌ను చంప బరువెత్తును, మిత్రులు అడ్డుపడుదురు, మరల పోరు. శోకించుటకు తావు లేదు. యుద్ధమున తావుండదనుట నిజమే. కాని యుద్ధానంతరమున మిగిలిన కొలది యధ్యాయములలో మాంత్రికుల సభ నాయకుని వెలివేయుటయు, శీతలరాజ్యపు రాణి అతనికి రక్తపిశాచ వంశజయైన లారాతో వివాహము నిశ్చయించుటయు త్రోసికొని వచ్చినవి. అంతకు రెండేండ్ల ముందే వెలువడిన యొక చిన్న క్రిస్మస్ కథను చివర చేర్చుట, గాయము కడుగకయే మందు పూసినట్లున్నది. దుఃఖించుటకు పాఠకునకు లభింపని ఆ వ్యవధి, ఐదేండ్లు దాటిన తరువాత, యుద్ధము పిదపటి సంవత్సరమును కథావస్తువుగా గైకొన్న పదునెనిమిదవ సంపుటమున గాని లభింపలేదు. దాని పేరే పండ్రెండు మాసములు.

మేనకోడలితో మరల మాటలాడితిని. ఆమె యింకను ఒప్పుకొనలేదు. "మీరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ నాకు ఇష్టం లేదు," అనినది. దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేదు, ఉండనక్కరయు లేదు. ఆ రెండు మాటలను విడదీసి చెప్పగలుగుటకు ఆమెకు ఐదేండ్లు పట్టినది, నాకును అంతియే పట్టినది.

2020 నాటి నా వ్రాతను చెరుపలేదు. దాని క్రింద, అద్దెపుస్తకపు పాఠకునివలె, కొత్త తేదీ వేసి ఇట్లు వ్రాసితిని: "మర్ఫీ మరణము న్యాయమే. పుస్తకమును రెండుగా కోయుట న్యాయము కాదు. 'బాటిల్ గ్రౌండ్' మంచి నవల. 'పీస్ టాక్స్'తో కలిసి ఒకే సంపుటముగా వెలువడి యుండిన యెడల ఈ మాలలో కెల్ల ఉత్తమమైన దగును."