చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం పలక మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు. ఇలా 64 గళ్లకీ రెట్టిస్తూ పోతే మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇన్ని అంకెలనూ పొల్లుపోకుండా పట్టుకున్న చంపకమాల ఒకటి పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి మల్లన.

అంకెలు పద్యంలో ఇమిడేది భూతసంఖ్యల వల్ల, అంటే అంకెలకు బదులు వాడే పదాల వల్ల. చంద్రుడంటే 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కొండలు 7, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చదువుకోవాలి. పై సంఖ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది. కవి ఒకచోట అబ్ధి (సముద్రం) అన్నాడు, ఒకచోట వేద, మరోచోట పయోనిధి (ఇదీ సముద్రమే), ఇంకోచోట పద్మజాస్య, అంటే బ్రహ్మ ముఖాలు. మూడు ఏడులకూ మూడు కొండ పేర్లు: నగ, భూధర, గిరి. విలువ మారదు, గురులఘువులు మాత్రం మారతాయి. గణం ఏది అడిగితే ఆ పర్యాయపదం వేసుకోవచ్చు. సంఖ్యను ఛందస్సులో కూర్చోబెట్టే అసలు నేర్పు ఇదే. దీన్ని పద విన్యాసమని తేలిగ్గా తీసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎందుకంటే ఛందస్సు ఇక్కడ కాపలా కూడా కాస్తుంది. పద్యం అప్పజెప్పేవాడు ఒక పదం మరిచిపోతే నడక కుంటుతుంది. 'వేద' బదులు 'శర' అంటే గురువు పోయి గణం చెడుతుంది. అయితే 'గిరి' ఉన్నచోట 'శశి' పడితే? రెండూ రెండేసి లఘువులే. చెవికి తేడా తెలియదు, 7 కాస్తా 1 అయిపోతుంది.

అప్పుడు లెక్కే దిక్కు. రెండును ఆరుసార్లు వేసి గుణిస్తే 64, దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కాబట్టి అరవై రెట్టింపుల తర్వాత కూడా శేషం 1. మిగిలిన నాలుగు రెట్టింపులకు 16, అంటే శేషం 7. గళ్ల మొత్తం ఆ రెట్టింపు కన్నా ఒకటి తక్కువ గనక 6 మిగలాలి. ఇరవై అంకెలూ కూడితే 87, మళ్లీ కూడితే 15, ఆపైన 6. సరిపోయింది! గిరి స్థానంలో శశి చేరి ఉంటే మొత్తం 81కి దిగి, 9 తేలేది. పద్యం కంఠస్థం చేసినవాడు కాగితం లేకుండానే ఈ తప్పు పట్టుకోగలడు.

ఈ సంఖ్య కారణాంకాలు ఇంకా ముచ్చటైనవి: 3, 5, 17, 257, 641, 65537, 67,00,417. ఏడూ ప్రధాన సంఖ్యలే. వీటిలో 641నీ 67,00,417నీ గుణిస్తే 4,29,49,67,297, అంటే 32 రెండ్ల లబ్ధానికి ఒకటి కలిపినది. గణితజ్ఞుడు ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ 641తో భాగించి, శేషం లేదని చూపించాడు.