మురుగుమడ్డి ఎరువు: చావని విషముల మాటేమి?

పట్టణపు మురుగునీటిని శుద్ధి చేయగా తొట్టి అడుగున చేరు మడ్డిలో నత్రజని, భాస్వరము, సేంద్రియ పదార్థము సమృద్ధిగా నుండును. దానిని పారవేయుట నష్టము. పచ్చిగా పొలమున చల్లుట ప్రమాదము. ఈ రెంటి నడుమ దారి చూపుటకై అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో ప్రకటించిన నిబంధనలు ‘503వ భాగము’ అను పేర ప్రసిద్ధి చెందినవి. సైన్సు ఉపాధ్యాయులు చదువదగిన పత్రమే. కాని అందులో సగము పని చక్కగాను, సగము పని అరకొరగాను జరిగినది.

రోగక్రిముల విషయమున ఈ నిబంధనలు మాటలతో సరిపెట్టక, వేడిమిని, కాలమును అంకెలలో చెప్పినవి. మడ్డిని పొడవాటి కుప్పలుగా పోసి కంపోస్టు చేయునపుడు 55 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గని వేడిమి 15 దినములు నిలువవలెను. ఆ వ్యవధిలో కుప్పను 5 సార్లు తిరుగవేయవలెను. తిరుగవేయుట ఎందులకు? సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థమును తినుచు పుట్టించు వేడి కుప్ప నడుమ నిలుచును. అంచులు చల్లగనే యుండును. అంచున చిక్కిన ఏలికపాము గుడ్డు మొండిది, బ్రతికిపోవును. దానిని నడుమకు తెచ్చిననే దాని ఆయువు తీరును. పెంటకుప్ప లోపలి సెగ నెరిగిన పల్లెటూరి బాలునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

తక్కువ శుద్ధి పొందిన ‘బి’ తరగతి మడ్డిలో క్రిములు కొంత మిగిలియుండును. అట్టి మడ్డి చల్లిన నేలను తాకుచు పైన కాయు పంటలను 14 నెలల వరకు కోయరాదని నియమము. ఎండకు, కాలమునకు పని అప్పగించుట యుక్తమే. ఆ నెలలను పొలములో లెక్కించువా రుండవలెను గదా!

అసలు వెలితి వేరొకచోట నున్నది. వేడిమికి క్రిమి చచ్చును, కాడ్మియము చావదు. పైగా మడ్డి కుళ్ళిన కొలది దాని బరువు తగ్గి, లోహపు పాలు పెరుగును. కిలోకు 60 మిల్లీగ్రాముల కాడ్మియము గల ఎండుమడ్డి 10 కిలోలు కలదనుకొన్నచో, మొత్తము లోహము 600 మిల్లీగ్రాములు. కుళ్ళుటలో 4 కిలోలు తరిగిన, మిగిలిన 6 కిలోలలో కిలోకు 100 మిల్లీగ్రాములు చేరును. 503వ భాగము విధించిన గరిష్ఠపు హద్దు 85. అనగా క్రిములను చంపిన పద్ధతియే మడ్డిని హద్దు దాటించెను! రంపపుపొట్టు వంటిది కలిపిన అంకె తగ్గవచ్చును గాని లోహము తగ్గదు.

అయినను కాడ్మియము, సీసము, పాదరసము మొదలైన 9 మూలకములకైనను హద్దు లున్నవి. కార్ఖానాలు పుట్టించు సేంద్రియ విషములకు పొలమున చల్లు మడ్డిలో హద్దే లేదు. అట్టు అంటని పెనములకు పూతవేయుటలో వాడుకకు వచ్చిన ‘పీఫాస్’ జాతి రసాయనములలో కర్బనము, ఫ్లోరిన్ అతిదృఢముగా బంధింపబడి యుండును. కంపోస్టు వేడిమి వానిని కదలింపజాలదు. మెయిన్ రాష్ట్రములో మడ్డి చల్లిన కొన్ని పొలముల నుండి ఇవి పశువుల పాలలోనికి వచ్చినవి. ఆ రాష్ట్రము 2022లో పొలములపై మడ్డి చల్లుటనే నిషేధించినది. మడ్డిలో కనుగొనబడిన 352 కాలుష్య పదార్థముల భద్రతను తేల్చుటకు చాలినంత సమాచారము గాని సాధనములు గాని సంస్థకు లేవని దాని సొంత తనిఖీ విభాగమే 2018లో తెలిపెను.

కార్ఖానా నీటిని మురుగుకాలువలో కలియక పూర్వమే శుద్ధి చేయవలెనను నియమములు ఆ దేశమున వేరుగా కలవు. ఎరువు నాణ్యతకు మొదటి పరీక్ష జరుగవలసినది అక్కడ. 503వ భాగమేమో కాలువ చివర, మడ్డి తయారైన పిదప, లెక్క మొదలుపెట్టుచున్నది.