మాటర్‌హార్న్ శిఖరము - ప్రకటనచిత్రములు

అష్టాదశవర్ణనలలో శైలవర్ణన మొకటి. లక్షణకారులు దానిని విధించిరి; శైలమున నేది చెప్పవలెను, ఏది విడువవలెను అను విచారము కవులకు కలదు. ఈ విచారము చిత్రకారునకును తప్పదు. స్విట్జర్లాండు, ఇటలీ దేశముల సరిహద్దునందలి మాటర్‌హార్న్ శిఖరమును గూర్చిన పోస్టర్లను ఈ దృష్టితో పరిశీలింప దలచితిమి.

వీనిలో అగ్రగణ్యము ఎమిల్ కార్దినో 1908లో జెర్మాట్ గ్రామముకొఱకు రచించినది. స్విస్ పోస్టరుకళకు ఇదియే నాంది యని పలువురు చరిత్రకారుల మతము. అందు గ్రామము లేదు, హోటలు లేదు, మనుష్యుడు లేడు. 1898 నుండియే గోర్నర్‌గ్రాట్ కొండకు రైలు నడచుచున్నను దాని జాడయు లేదు. ఎండ సోకి బంగారువన్నె దేఱిన శిఖరము, క్రింద చీకటి కమ్మిన వాలు, కొలదిపాటి రంగుల పూతలు, అంతియే. యాత్రికులను పిలుచుటకై పుట్టిన చిత్రము యాత్రికునకు గావలసిన సౌకర్యములలో నొక్కటియు చూపకుండుట వింత గదా! అక్షరములును మితమే: ఊరు, కొండ, దేశము, ఎత్తు. ఆ ఎత్తు 4505 మీటర్లని యున్నది; నేటి లెక్క 4478. నాటి కొలత యట్టిది గాని దీనిని అత్యుక్తి యనరాదు.

మనుచరిత్రమున సిద్ధుడు తాను చూచిన దేశవిశేషములు చెప్పి ప్రవరుని కోరిక రేకెత్తించెను, పాదలేప మిచ్చెను. అది మంచునీట కరగిపోవునని మాత్రము హెచ్చరింపలేదు. పోస్టరు చేయునదియు సిద్ధుని పనియే. మాటర్‌హార్న్ విషయమున చెప్పబడని మాట యిది: 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ మొదలగు ఏడ్గురు తొలిసారి శిఖర మెక్కిరి. దిగుచుండగా ఒకడు కాలుజాఱెను, త్రాడు తెగెను, నలువురు పడి మరణించిరి. వారిలో లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ శరీరము దొరకనే లేదు. గుస్తావ్ డోరే ఆ పతనమును చిత్రించెను.

కార్దినో దీనిని విడుచుట దోషమా? కాదని మా యభిప్రాయము. అతడు సమస్తమును విడిచెను. మిగిలిన శిల తన కాఠిన్యమును దాచుకొనదు. దానిని చూచి సులభముగ నెక్కవచ్చునని యెవ్వడును భ్రమపడడు.

ఇటీవల పాతకాలపు తీరున అచ్చగుచున్న పోస్టర్ల సంగతి వేఱు. అవి కార్దినో రంగుల పొదుపును అనుకరించి, పిమ్మట కొయ్యయిండ్లను, పూలను, స్కీలు తొడిగి నవ్వుచున్న యువతిని చేర్చును. కొన్నిట 1865 అను అంకెయు అలంకారముగ నుండును. మా ఆక్షేపణ మీ యంకెమీదనే. వారసత్వమని సంవత్సరమును చూపి, త్రాడును చూపకుండుట సగము చెప్పి సగము మ్రింగుట. అంకె లేకున్న మాకు పేచీయే లేకపోయెడిది.

2003 వేసవి వేడిమికి శిలలను పట్టియుంచు మంచుగడ్డ కరగి, హోర్న్‌లి అంచున రాళ్లు కూలెను. ఆరోహకులను హెలికాప్టర్లతో దింపవలసివచ్చెను. ఈ పోస్టర్లలో మాత్రము కొండ 1908 నాటివలెనే యున్నది. తెగిన త్రాటిముక్కను జెర్మాట్ ప్రదర్శనశాలలో అద్దము వెనుక నుంచినారు. దానిని చిత్రించిన పోస్టరు మా కంటబడలేదు.