ఆయన పక్కన ఇంకొకరున్నారు

‘డాఫొడిల్స్’ పద్యం చదవకుండా ఇంగ్లీషు వాచకాలు దాటి వచ్చినవాళ్లు మనలో తక్కువే. ఆ పువ్వు ఎలా ఉంటుందో తెలీకుండానే దాని మీద ప్రశ్నలకి జవాబులు రాశాం. కవి ఒక్కడే అలా తిరుగుతూంటే సరస్సు ఒడ్డున పసుప్పచ్చని పూలు కనిపించాయి, తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆయన మనసు నిండిపోయేది. ఇంతేకదా సారాంశం. అయితే ఆ ‘ఒక్కడే’ అన్నమాట నిజం కాదని నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

పక్కన చెల్లెలుంది. పేరు డొరొతీ వర్డ్స్‌వర్త్. అన్నగారికన్నా ఇరవై నెలలు చిన్న. ఆ రోజు 1802 ఏప్రిల్ 15, గురువారం. ఈ తేదీ మనకి తెలిసిందీ అంటే ఆవిడ డైరీ రాయబట్టే. అంతకు రెండేళ్ల ముందు, అన్నయ్య ఊరెళ్లినప్పుడు, తిరిగొచ్చి చదివి సంతోషిస్తాడని మొదలుపెట్టిన డైరీ అది. రొట్టెలు కాల్చడం, బట్టలుతకడం, తలనొప్పి, అన్న పద్యాలకి శుభ్రంగా నకళ్లు రాయడం అన్నీ అందులోనే. మన పాలపద్దు పుస్తకంలో ఓ మూల చంద్రోదయం గురించి రాసుకున్నామనుకోండి, అలా ఉంటుంది.

ఇంగ్లండులో వాయవ్యాన సరస్సుల సీమలో అల్స్‌వాటర్ అనే సరస్సుంది, ఏడున్నర మైళ్ల పొడవున. దాని కింది కొసన ఉన్న స్నేహితుల ఇంట్లో మధ్యాహ్నం భోంచేసి, ఒడ్డు వెంబడే ఇంటిదారి పట్టారు అన్నాచెల్లెళ్లు. అక్కడి ఏప్రిల్ మన ఏప్రిల్ కాదు. మనకి ఎండలు ముదిరి ఆవకాయ మాటలు మొదలయ్యే రోజుల్లో వాళ్లకి చెట్లు అప్పుడప్పుడే కళ్లు తెరుస్తాయి. గాలి ఎంత ఉధృతంగా ఉందంటే వెనక్కి పోదామా అనుకున్నారట. సాగనంపడానికి వచ్చిన స్నేహితురాలు కాస్త దూరంలోనే వెనుదిరిగింది. వీళ్లు ఓసారి పడవల కొట్టంలో, ఓసారి ముళ్లపొద చాటున ఆగి ఊపిరి తీసుకున్నారు. పొలంలో నాగలి నడుస్తోంది. సరస్సులో ఒకే ఒక్క పడవ. బర్చి చెట్లు అక్కడక్కడా పచ్చబారినా, కొమ్మల చివర్లలో ఇంకా ఊదారంగే ఎక్కువ. ఆవులు అడ్డొస్తే తప్పించుకోవడానికి దారి మళ్లి ఓ పొలంలో దిగారు! దారి పక్కన ప్రిమ్‌రోజులు, వాసనలేని వయొలెట్లు, ఇంకేదో చుక్కలాంటి పచ్చపువ్వు. దాన్ని స్నేహితురాలు ఏ పేరుతో పిలుస్తుందో కూడా రాసింది.

గౌబరో పార్కు దాటాక చెట్ల మధ్య, నీళ్ల అంచున, మొదట నాలుగైదు డాఫొడిల్స్. పోనుపోను ఇంకొన్ని, ఇంకొన్ని. చివరికి ఒడ్డు పొడుగునా రోడ్డంత వెడల్పున ఒకటే బారు. అన్నీ గాలికి ఊగి, తూలి, నవ్వుతున్నాయి గానీ కొన్ని మాత్రం అలిసిపోయి రాళ్ల మీద తలలు ఆన్చుకున్నాయట.

నాకు ఈ అలిసిన పూల దగ్గరే పుస్తకం మూసి కాసేపు కూచోబుద్ధయింది. ఎందుకంటే అన్నగారి పద్యంలో అవి లేవు. 1804లో, అంటే రెండేళ్లు గడిచాక, ఆయన రాసినప్పుడు పూలన్నీ నాట్యమే చేశాయి. చెల్లెలు మాయమైంది, ఆవులు పోయాయి, ఊపిరాడని గాలి కాస్తా పిల్లగాలి అయింది. నిజానికి ఆ పద్యం నడకది కాదు, పడకది. సోఫాలో పడుకుని తల్చుకున్నప్పటి సుఖం అందులో అసలు సంగతి. అందులో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. తమాషా ఏమిటంటే ఆ తల్చుకోవడం గురించిన రెండు పాదాలూ భార్య మేరీవిట. అవే పద్యంలోకల్లా గొప్పవని ఆయనే చెప్పాడు. ఒంటరివాడి పద్యం వెనక ఎంత మంది ఉన్నారో చూశారూ!

చెల్లెలి మాటలు అన్న దొంగిలించాడని కొందరు విమర్శకులంటారు. నాకు ఆ మాట రుచించదు. చదువుకోవడానికి ఆవిడే ఇచ్చింది, ఇష్టంగా ఇచ్చింది. నా ఫిర్యాదు ఆయన మీద కాదు, మన వాచకాల మీద. పద్యం పక్కనే ఆ డైరీ పేజీ కూడా అచ్చువేస్తే పోయేదేముంది?

ఆవిడ అమాయకురాలేం కాదు. ఇరవై రెండేళ్లప్పుడు, 1794 ఏప్రిల్లో, అన్నతో కలిసి కెండల్ నుంచి గ్రాస్మియర్‌కి 18 మైళ్లూ, అక్కణ్ణించి కెజిక్‌కి 15 మైళ్లూ కాలినడకన వెళ్లింది. ఆడపిల్ల ఇలా ఊళ్లు పట్టుకు తిరగడమేమిటని మేనమామ భార్య మందలిస్తూ రాసింది. (అత్తయ్యలు ఏ దేశంలోనైనా అత్తయ్యలే.) ప్రకృతి ఇచ్చిన సత్తువని వాడుకునే ధైర్యం నాకుందంటే మీరు సంతోషిస్తారనుకున్నాను, పైగా బండి ఖర్చు కనీసం ముప్ఫై షిల్లింగులు మిగిలింది కూడానూ అని జవాబిచ్చింది డొరొతీ. ఆ ముప్ఫై షిల్లింగుల లెక్క చెప్పిందే, అక్కడ నాకావిడ మరీ నచ్చింది.

రచయిత్రి అనిపించుకోవడం మాత్రం సుతరామూ ఇష్టం లేదంది. 1815లో అన్న కవితాసంపుటంలో ఆవిడ పద్యాలు మూడు వేస్తే, పేరు లేకుండా ఎవరో స్నేహితురాలివని వేశారు. ఆవిడ 1855లో పోయింది. 1897లో విలియం నైట్ అనే పండితుడు డైరీలను పుస్తకంగా తెచ్చాడు గానీ, అన్న చొక్కాలు బాగుచేసినట్టు రాసుకున్న చోట్లన్నీ అచ్చువేయనక్కర్లేదని చాలా కత్తిరించాడు. అయ్యా, ఆ చొక్కాలు కుట్టిన చెయ్యే కదా ఆ పూల తలలు రాళ్ల మీద పెట్టింది! అవి తీసేస్తే మిగిలేది ప్రకృతి వర్ణన. అది ఎవరైనా రాస్తారు.

ఆ గురువారం సాయంత్రం వానలో తడిసి పాటర్‌డేల్లో ఓ సత్రం చేరారు. అక్కడి ఇల్లాలి ముఖం చిటపటలాడుతోందట, అది ఆవిడ తీరేనట. భోజనం మాత్రం బాగానే పెట్టింది. బిల్లు ఏడు షిల్లింగులు. అన్న కిటికీ మూల పడున్న పుస్తకాలు తిరగేశాడు. వేణ్ణీళ్లలో రమ్ము కలుపుకుని తాగారు (చలికి తప్పదు మరి), మేరీ కూడా ఉంటే బావుండునని అనుకున్నారు. అంతా అయ్యాక ఇంకో ముక్క చేర్చింది. పార్కులో లేళ్లు ఎముకల గూళ్లలా ఉన్నాయిట. చలికాలం గట్టెక్కిన జీవాలు అలాగే ఉంటాయి కదా. పూలు చూసిన కళ్లే అవీ చూశాయి.

మర్నాడు మళ్లీ నడక. బ్రదర్స్ వాటర్ అనే చిన్న సరస్సు దగ్గర అన్నని వంతెన మీద కూచోబెట్టి, ఆవిడ ఒక్కతే చెట్ల మధ్య బాటన సరస్సు పక్కగా వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకో పద్యం రాసుకుంటున్నాడు.