నొక్కితే మోగని నంబరు

కర్ణాటకలో తెలుగు రైతుల క్యాంపులో ఉండే మా బావ ఈ వారం ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. బోరు మోటారు కాలిందట, మిరప చేను పూత మీద ఉందట. "లింగసుగూరులో మంచి వైండింగ్ షాపు నంబరుంటే పంపు బావా" అన్నాడు. ఒక షాపువాళ్లు దసరాకు పంపిన రంగుల పోస్టరు నా ఫోనులో ఉంటే అదే పంపాను.

పోస్టరు నిండా దేవుడు, పూలదండ, యజమానికి శాలువా కప్పుతున్న పెద్దమనుషులు. అట్టడుగున చీమ తలకాయంత అంకెల్లో నంబరు. బొమ్మలో అచ్చయిన నంబరు బావ ఫోనులో నొక్కితే మోగదు. సగం చదివి కొట్టి, మిగతా సగం కోసం మళ్లీ బొమ్మ తెరిచి, అంకె తప్పి, చివరికి చేలో కూలీ చేత చదివించి కొట్టాడు. తీరా అది ఎప్పుడో మార్చేసిన నంబరు! నీళ్లు ఆగి చేను వాడిపోతుంటే రైతు పడాల్సిన పాటా ఇది?

ఆ పోస్టరు చూస్తే నాకు మస్కి శాసనం గుర్తొస్తుంది. దాని సంగతి ఈ కాలమ్‌లో ఇదివరకూ రాశాను. మళ్లీ రాస్తాను, మన పొరుగూరి గొప్ప కనుక. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు, శాసనాల్లోని 'దేవానాంపియ' ఎవరో తెలియక మొదట సింహళ రాజు అనుకున్నాడు. బండల మీద బిరుదులే ఉన్నాయి, పేరు లేదు. అది అశోకుడేనని పండితులు తర్వాత గ్రంథాల సాయంతో పోల్చుకున్నా, రాతి మీద రుజువు మాత్రం దొరకలేదు. 1915లో బంగారు గనుల ఇంజినీరు బీడన్ మస్కి గుట్టల్లో ఒక శాసనాన్ని కనుగొన్నాడు. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని చదివి ప్రకటించారు. అందులో 'అశోక' అని పేరే ఉంది! బిరుదులు ఎన్ని చెక్కినా, మనిషిని పట్టిచ్చింది ఆ ఒక్క పేరే. మన దుకాణాల పోస్టర్లలోనూ బిరుదులకు లోటు లేదు. పట్టిచ్చే ముక్కే ఉండదు.

చిన్న దుకాణానికి సొంత యాప్ అక్కర్లేదని నేను ఎప్పుడూ అనేదే. 2018 నుంచి మన దగ్గరున్న వాట్సాప్ బిజినెస్ ఉచితం. తెరిచే వేళలు, చిరునామా అందులో రాసుకోవచ్చు, షాపు మూసి ఉన్నప్పుడు దానంతటదే జవాబు పంపుతుంది. గూగుల్ మ్యాప్‌లో షాపును ఎక్కించడానికీ డబ్బు కట్టక్కర్లేదు. నంబరును బొమ్మలో కాకుండా అక్షరాల్లో పెట్టాలి, మారిన రోజే మార్చాలి. పేరు కన్నడంలోనూ తెలుగులోనూ కూడా రాయాలి. మా క్యాంపుల్లో చాలామంది ఫోనుకు నోటితో చెప్పే వెతుకుతారు.

నా ఇంకో పట్టుదల పాఠకులకు తెలిసిందే: ధర రాయని దుకాణం గడప తొక్కకూడదని. వేరే షాపులో బావ మోటారు విప్పుతున్న మేస్త్రితో అదే అన్నాను. ఆయన స్టేటర్ తెచ్చి నా ముందు పెట్టాడు. మాడిన వార్నిష్ కంపు. రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గయ్యాయి, మూడోది రాగి రంగులోనే ఉంది.

"ఒక ఫేజు పోయినా ఆడించారు సార్, అందుకే ఇలా. ఇంకో మోటారు సీలు పోయి నీళ్లు దిగి వస్తుంది. బుష్‌లు అరిగాయా లేదా అన్నది విప్పితేగానీ తెలీదు. రాగి రేటు ఇవాళున్నట్టు రేపుండదు. డబ్బులు పంట అమ్మాక ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఫోనులో ఏ రేటు పెట్టమంటారు?"

విప్పని మోటారుకు ధర కట్టమనడం న్యాయం కాదు. వైండింగ్ షాపు ఫోను పేజీలో ధరల పట్టిక వద్దనే అంటాను. ముందే రాసిన ధర అక్కడ అబద్ధమే అవుతుంది. దానికి బదులు ఆ మేస్త్రి చేసిన పని చూడండి: మాడిన కాయిల్ ఫొటో తీసి బావకు పంపి, దాని కిందే తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏది పోయింది, తీగ ఎంత పడుతుంది, మొత్తం ఎంతవుతుంది, ఎప్పటికి ఇస్తాడు, అన్నీ చెప్పి "చేయమంటారా?" అని అడిగాడు. బావ "చేసేయండి" అన్నాకే పాత తీగ కోశాడు.

మేస్త్రులారా, అలాంటి ఫొటోలే రైతు పేరు లేకుండా మీ మ్యాప్ పేజీలోనూ పెట్టండి. మోటారు ఎందుకు కాలిందో ఒక్కో దాని కింద రెండు ముక్కల్లో రాయండి. శాలువా ఫొటో ఇంట్లో గోడకు వేలాడదీసుకోవచ్చు.