దోషనిరూపణమా? శాసనమా?

రుష్యా సంగీతకర్త ద్మిత్రి షొస్టకోవిచ్ రచించిన ‘మ్త్సెన్స్క్ జిల్లా లేడీ మాక్బెత్’ అను గేయనాటకము 1934 జనవరిలో లెనిన్‌గ్రాడున మొదటిసారి ప్రదర్శింపఁబడెను. లెస్కోవు 1865లోఁ బ్రకటించిన కథ దీనికి మూలము. నాయిక కటెరీనా మామకు విషము పెట్టి, ప్రియునితోఁ గలసి మగనిఁ జంపి, తుదకు సైబీరియా దారిలో నీటఁ బడి చచ్చును. ఇట్టి పాత్రయందు జాలి పుట్టించుట సులభము కాదు. సంగీతమే యా పని చేసినది. రెండేండ్లపాటు లెనిన్‌గ్రాడునను మాస్కోనను దీని కాదరము తఱుఁగలేదు.

1936 జనవరి 26వ తేదీని స్టాలిన్ మాస్కోలో నీ నాటకముఁ జూచి, ముగియకమునుపే లేచిపోయెను. 28వ తేదీని కమ్యూనిస్టు పక్షపు పత్రికయగు ‘ప్రావ్డా’ యందు, ఇది సంగీతము కాదు, గందరగోళమను నర్థము నిచ్చు శీర్షికతో నొక వ్యాసము సంతకము లేక వెలువడెను.

మన యాలంకారికులు దోషముఁ జెప్పునపుడు లక్షణముతోపాటు లక్ష్యమును జూపుదురు. మమ్మటుఁడు కాళిదాసుని రతివిలాపమునందే రసదోషముఁ జూపెను. చదువరి యా ఘట్టమును తానే పరికించి యొప్పుకొనవచ్చును, త్రోసిపుచ్చవచ్చును. ప్రావ్డా వ్యాసమున నొక్క స్వరపంక్తియైన నుదాహరింపఁబడలేదు. కర్కశమనియు, అసభ్యమనియు నిందలు. నడుమ నీ యాట చెడుగా ముగియవచ్చునను బెదరింపు. శయ్యాగారఘట్టమున వాద్యములు హద్దు మీఱినవని సహృదయులును దలఁపవచ్చును. అది వాదింపఁదగిన మాటయే. కాని పేరు లేని వానికిఁ బ్రత్యుత్తర మెవ్వఁడు వ్రాయును?

నాటకము రంగమునుండి తొలఁగెను. మునుపు మెచ్చిన విమర్శకులు పలువురు సభలలోఁ దమ మెప్పును వెనుకకుఁ దీసికొనిరి. ఆ డిసెంబరులో సాధకమునం దున్న నాల్గవ సింఫొనీ యుపసంహరింపఁబడి, 1961 వఱకు వాద్యబృందముచే వినిపింపఁబడలేదు. షొస్టకోవిచ్ పక్షమున బహిరంగముగా మాటలాడిన నాటకప్రయోక్త మేయర్‌హోల్డు 1939లో నిర్బంధింపఁబడి, మఱుసటియేఁడు కాల్పఁబడెను. 1948లోఁ బక్షపు నిర్ణయము ‘ఫార్మలిజము’ అను దోషమును షొస్టకోవిచ్‌తోపాటు ప్రొకోఫియెవ్, ఖచతూర్యాన్, మ్యాస్కోవ్‌స్కీలకును అంటఁగట్టెను. లక్షణము లేని దోషమగుటచే నది యెవ్వరికైనను అంటును. 1958లో నా పక్షమే యా నిందలు కొన్ని యన్యాయములని యొప్పుకొనెను. అప్పటికిఁ బ్రొకోఫియెవ్, మ్యాస్కోవ్‌స్కీ జీవించి లేరు.

1963లో నాటకము ‘కటెరీనా ఇజ్మైలొవా’ అను పేరితోఁ గర్తచేతనే సంస్కృతమై మరల రంగ మెక్కెను. శయ్యాగారఘట్టపు దుడుకుఁదనము దీనిలో నణఁగినది. ఈ పాఠభేదము ముదిసిన కర్త యొక్క రుచిభేదమో, 1936 నాఁటి వ్యాసపు భయశేషమో స్వరలిపినిబట్టి తేల్చుట దుష్కరము. షొస్టకోవిచ్ 1975లో మరణించెను. పూర్వపాఠమును రొస్ట్రపోవిచ్ పరదేశమున నుండి 1979లో ధ్వనిముద్రణముగా వెలువరించెను.